మిరపకళ్లంలో మనిషి

మా ఆయనకు ఊహించి ముఖం వెయ్యడం రాదు. ఈ మాట నేను ఎగతాళికి అనడం లేదు, ఆయనే ఒప్పుకునేవారు. చెట్టు ఊహించి వేస్తారు, కోట వేస్తారు, మబ్బులు ఎన్ని కావాలంటే అన్ని వేస్తారు. మనిషి ముఖం మాత్రం ఎదురుగా ఒక మనిషి ఉంటేనే, లేదా బాగా ఎరిగిన ముఖమైతేనే. చిన్నప్పుడు బందరులో నాటకాల కంపెనీ తెరలు వేసే మేస్త్రీ దగ్గర చేరారు. రాజసభ, అడవి, వీధి అన్నీ చేతికొచ్చాయి గానీ, సభలో కూర్చున్న మంత్రులంతా ఆ కంపెనీ వంటవాడిలాగే ఉండేవారట. వంట దింపాక ఈయన ఎదురుగా కూర్చునే తీరిక వాడొక్కడికే ఉండేది మరి.

సినిమాలొచ్చి నాటకాల కంపెనీలు మూతపడ్డాక పోయినవాళ్ల పటాలు వెయ్యడం మొదలుపెట్టారు. ఇంటివాళ్లు ఫోటో తెస్తే దాన్ని చూసి నిలువెత్తు నూనెరంగుల పటం చేసిచ్చేవారు. ఫోటో చెరిగిపోయి ఉంటే, పోయినాయన పోలిక ఎవరికొచ్చిందో అడిగి, ఆ తమ్ముణ్ణో మేనల్లుణ్ణో కుర్చీలో కూర్చోబెట్టుకునేవారు. కింద మూలన పేరు, ఊరు రాసి సంతకం పెడితే గానీ ఆయనకు పటం పూర్తయినట్టు కాదు. ఇంటివాళ్లు చూసి ఘొల్లుమన్నారంటే పని కుదిరిందని లెక్క. ఏడవకపోతే ఆ పూట అన్నం ముట్టేవారు కాదు. నా కాపురం అలా గోడల పొడుగునా ఆరుతున్న ముసలాళ్ల మధ్య మొదలైంది.

ఆ పని కూడా తగ్గిపోయాక, అరవై నాలుగులో ఇటువైపు పెద్ద ఫ్యాక్టరీలో పెయింటరు ఉద్యోగం దొరికింది. రామచంద్రాపురంలో క్వార్టరు ఇచ్చారు. యంత్రాల మీద నంబర్లు, బాణం గుర్తులు, 'ప్రమాదం' అని రాసి పుర్రె, రెండు ఎముకలు. ‘‘పుర్రెకు పోలిక అక్కర్లేదు నాగేశ్వరీ, అదొక సుఖం’’ అనేవారు. నవ్వుతూ అనేవారు గానీ ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

యాభై దగ్గర పడ్డాక, డెబ్బయ్యారు మొదట్లో, ఎవరూ అడక్కుండా, ఏ ఫోటో చూడకుండా, తన కోసం ఒక బొమ్మ వేసుకున్నారు. నూనె వాసనకు నాకు ఆయాసం వస్తుందని సంగారెడ్డిలో కైలాసం సేటు పటాల దుకాణం వెనక గదిలో పెట్టుకుని ఆదివారాలు వేశారు. ఉగాదికి దుకాణం గోడకు తగిలించి, కింద అట్టముక్క మీద 'ఒరిజినల్ ఆయిల్ పెయింటింగ్, అమ్మబడును' అని అందంగా రాసి కట్టారు. దేవుళ్ల పటాలకు వచ్చినవాళ్లు దాన్ని చూసి, ‘‘గీ మిరపకాయలు కొనుడెందుకు, ఇంట్ల లేవా?’’ అని నవ్వి పోయేవారట. నేను మాత్రం చూడలేదు. అమ్ముడుపోతే చూద్దువుగాని అని ఆయనే ఆపారు.

ఎండలు తగ్గుతున్న రోజుల్లో ఒక శుక్రవారం సాయంత్రం బస్సులో వచ్చినవాళ్ల చేత సేటు కబురు పెట్టాడు, బొమ్మ అమ్ముడైందని. ఆయన లాల్చీ ఇస్త్రీ చేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు, ఆ రాత్రి చేసుకున్నారు. మర్నాడు ఇద్దరం బస్సెక్కాం. నేను పట్టుచీర కట్టుకున్నాను. పటాన్‌చెరు, రుద్రారం దాటేదాకా ఆయన కిటికీలోంచి చూస్తూ తనలో తాను ఏదో గొణుక్కుంటూనే ఉన్నారు.

దుకాణంలో బొమ్మ ముందు నిలబడ్డాను. గోడ సగం ఎరుపు. కళ్లంలో ఎండబోసిన మిరపకాయలు, వాటిలో కూర్చుని తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ల వీపులు, ఎండ. ముప్పయ్యేళ్లు ఆయనతో కాపురం చేసి కూడా ఆయన ఇంతటివాడని నాకు తెలియదు. కళ్లలో నీళ్లొచ్చాయి. తుడుచుకుని ఎడమ మూలకు చూస్తే, బండి చక్రానికి ఆనుకుని, తలగుడ్డ చుట్టుకుని ఒక మనిషి నావైపే చూస్తున్నాడు.

యాదన్న. పోలిక కాదు, యాదన్నే. కుడి కనుబొమ మీద గాటుతో సహా.

పటాన్‌చెరులో ఒక మిల్లులో పనిచేసేవాడు యాదన్న, యూనియన్ మనిషి. గుమ్మడిదలలో వాళ్లక్క బక్కమ్మ పండించిన మిరపకాయలు తెచ్చి మా క్వార్టర్లలో అమ్మిపెట్టేవాడు, మా ఆవకాయలో కారం అక్కడిదే. ఎమర్జెన్సీ పెట్టాక యూనియన్ వాళ్లను ఒక్కొక్కర్నే పట్టుకెళ్లారు, యాదన్న దొరకలేదు. ఏడాది కావస్తోంది. బొంబాయి పోయాడని కొందరు, చచ్చిపోయాడని కొందరు. అతని భార్య మల్లవ్వ ఆకుకూరల గంపతో మా వీధికి వస్తే, వెనకాల సైకిలు మీద ఎవడో ఒకడు ఉండేవాడు. అతని పేరు ఇంట్లో కూడా ఎవరం పైకి అనేవాళ్లం కాదు.

బొమ్మ కింద కుడి మూలన, ముత్యాల్లాంటి అక్షరాలతో, 'గుమ్మడిదల. నరసరాజు' అని ఉంది.

‘‘ఎవరు కొన్నారు సేటుగారూ?’’ అన్నాను.

‘‘కొత్తగ ఒచ్చిన పోలీసు పెద్దసారమ్మా’’ అన్నాడు కైలాసం సంబరంగా. ‘‘మఫ్టీల ఒచ్చిండు. పటం ముందట నిలవడి అట్లనే సూసుకుంట ఉన్నడు. బేరం గూడ ఆడలే. సోమారం ఒస్త, ఫ్రేము కట్టి పెట్టున్రి అన్నడు.’’

మా ఆయన్ను చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి లాక్కుపోయి తలుపు దగ్గరగా వేశాను.

‘‘యాదన్నను ఎందుకు వేశారండీ?’’

‘‘మిరపకాయలకని బక్కమ్మ కళ్లానికి పోయినప్పుడు అక్కడ ఉన్నాడు’’ అన్నారు. అప్పటికి ఆయనకూ అర్థమైంది.

‘‘ఉంటే?’’

‘‘ఆ మూల నిలువుగా, నల్లగా ఏదో ఒకటి లేకపోతే ఎరుపంతా అటు ఒరిగిపోతుంది. ముందు తలగుడ్డ నీడలో ముఖం కనపడకుండానే వేశాను. తరవాత కళ్లొక్కటీ వేద్దామనిపించింది. కళ్లు వచ్చాక ముక్కు...’’

‘‘ఎవరికీ చెప్పొద్దని అతను అడిగాడా?’’

‘‘అడిగాడు. ఒట్టేశాను. నీక్కూడా చెప్పలేదు కదా నాగేశ్వరీ.’’

నోటితో చెప్పలేదు, నిజమే. రంగుల్లో చెప్పి, కింద ఊరి పేరు రాసి, బజారు గోడకు తగిలించి, అమ్మబడును అని అట్ట కట్టారు. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో నాకు ఆ గదిలో తెలిసింది.

బయటికొచ్చి సేటును బతిమాలాను. బొమ్మ అమ్మడం లేదని చెప్పండి, ఆయనిచ్చిన అడ్వాన్సు ఆయనకు తిరిగి ఇచ్చేయండి అన్నాను. కైలాసం నన్ను వింత మనిషిని చూసినట్టు చూశాడు.

‘‘బోణీ బేరం వాపస్ జేస్తరా అమ్మా? శుక్రారం పొద్దుగాల దుకాణం తెరిసి దీపం పెట్టిన. మొదలు అడుగు పెట్టింది ఆయననే. బయానా శేతిల పెట్టిండు. కండ్లకద్దుకుని గల్లాల ఏసిన. ఇగ ఆ పటం నాది గాదు, మీది గాదు. మా నాయిన కాలంకెంచి ఈ గద్దె మీద బోణీ బయానా ఎన్నడు మర్లిపోలే.’’

ఇక ఆ దారి లేదు. మళ్లీ గదిలోకి వెళ్లాం. మనిషిని మొత్తం తీసేయండి అన్నాను. అంతసేపు నిలబడి చూసినవాడు మనిషి మాయమైతే మొదటి చూపుకే పసిగడతాడు, పైగా అంత రంగు సోమవారానికి ఆరదు అన్నారు. నూనెరంగు తీరే అంత, పైపైన ఎండినట్టుంటుంది, వేలు పెడితే అంటుకుంటుంది. ముఖం ఒక్కటే అయితే పల్చగా వెయ్యొచ్చు. ఫ్యాక్టరీలో నంబర్లు త్వరగా ఆరడానికి కలిపే డ్రయ్యర్ సీసా ఆయన సంచిలోనే ఉంది. అది కలిపితే బొమ్మ కొన్నేళ్లకు పగుళ్లు తీస్తుందట. తీస్తే తియ్యనివ్వండి అన్నాను.

‘‘సరే, వేస్తాను. ఎవరి ముఖం?’’ అన్నారు.

ఎవరిదో ఒకటి వేసెయ్యండి అనడానికి ఈయనకు ఎవరిదో ఒకటి రాదు. సేటు ముఖం వేస్తే సేటును అడుగుతారు. పక్క క్వార్టరు ఆయన ముఖం వేస్తే, ఏ పాపం ఎరగని ఆ మనిషి ఎక్కడ తేలతాడో. ఆ రోజుల్లో పేరు తప్పుగా రాసుకుని కూడా మనుషుల్ని తీసుకెళ్లారని చెప్పుకునేవారు. గదిలో అటూ ఇటూ చూశాం. పటాలకు బిగించే అద్దాలు గోడవార నిలబెట్టి ఉన్నాయి, వాటి మధ్య ఒక నిలువుటద్దం. ఆయన వెళ్లి దాన్ని వెలుతురుకు తిప్పుకున్నారు.

‘‘వద్దండీ’’ అన్నాను. ‘‘రేపు మిమ్మల్నే పట్టుకుంటే?’’

‘‘నా బొమ్మలో నేనుంటే తప్పేముంది?’’ అని తలకు తువ్వాలు చుట్టుకున్నారు.

నేను తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. దుకాణంలో ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా తలుపును ఇంకా గట్టిగా అదిమేదాన్ని. యాదన్న కళ్లు ముందుగా పోయాయి. తరవాత నోరు. సాయంత్రానికి బండి చక్రానికి ఆనుకుని మా ఆయన నిలబడ్డారు, వెతుకుతున్నవాళ్లు కనిపెడితే దాక్కున్నవాడు ఎలా చూస్తాడో అచ్చం అలాగే చూస్తూ. బాగా కుదిరింది, అదే నాకు మరీ భయమేసింది. గుమ్మడిదల అన్న అక్షరాల మీద మిరపకాయలు పోశారు.

సేటు వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను వార్నిష్ గురించి ఏదో అబద్ధం అల్లబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

‘‘నాకేం చెప్పకున్రి. నాకు తెల్వకుంటే నేను అబద్ధమాడే పని ఉండదు’’ అన్నాడు. ‘‘ఒక్కటే జేస్త. సోమారం పొద్దుగాల సాంబ్రాణి జెర ఎక్కువేస్త, వాసన రాకుంట.’’

ఆదివారం ఎలా గడిచిందో దేవుడికి తెలుసు. యాదన్నకు కబురు చెయ్యాలని ఉంది, ఎలా? గుమ్మడిదల వైపు మేం కదిలితే మా వెనక ఎవరొస్తారో తెలియదు. మల్లవ్వ గంప దించి ‘‘తోటకూర తీస్కో అమ్మా’’ అంది. సైకిలువాడు వీధి చివర బీడీ వెలిగించుకుంటున్నాడు. తోటకూర తీసుకున్నాను. ఆమె మొగుడు ఎక్కడున్నాడో ఆమెకు తెలుసో లేదో, నాకు తెలుసు. ఆ సంగతి నా ముఖంలో కనిపిస్తుందేమోనని తలెత్తకుండా లోపలికి వచ్చేశాను.

సోమవారం ఆయన సెలవు పెట్టారు. దుకాణం నిండా సాంబ్రాణి పొగ. జీపు పంపిస్తాడనుకున్న మనిషి తనే దిగాడు. తెల్లచొక్కా, పల్చటి మీసం, వయసు నలభై లోపు. ‘‘నా పేరు చలపతిరావండీ’’ అని మా ఆయనకు నమస్కారం పెట్టాడు. గుంటూరు యాస. పోలీసులు అలా నమస్కారం పెడతారని నేను అనుకోలేదు, అందుకే ఇంకా అనుమానమేసింది.

బొమ్మ దగ్గరికి వెళ్లాడు. వెళ్లినవాడు ఆగిపోయాడు.

‘‘ఇది మీరే కదండీ రాజుగారూ?’’

‘‘అవునండి.’’

‘‘మొన్న ఉన్నాయన ఏడీ?’’

మా ఆయన లాల్చీ వీపు మీద చెమట మరక నా కళ్లముందే పెద్దదవుతోంది.

‘‘ముఖం సరిగ్గా రాలేదని మార్చానండి.’’

‘‘సరిగ్గా రాలేదా?’’ అని ఆ అధికారి స్టూలు మీద కూర్చుండిపోయాడు. ‘‘ఆయన కోసమే కదండీ కొన్నది.’’

అప్పుడు అతనే చెప్పాడు. వాళ్ల నాన్న మిరపకళ్లాల్లో కూలీ. ఇతనికి పదేళ్లప్పుడు పోయాడు. ఫోటో తీయించుకునే బతుకు కాదు వాళ్లది. తనది అమ్మ పోలిక, ఆయన పోలిక ఇంట్లో ఎవరికీ రాలేదు. ఏడాదేడాదికీ ముఖం మరుపుకొస్తోంది. ‘‘శుక్రవారం ఏదైనా దేవుడి పటం కొందామని ఈ గుమ్మం ఎక్కాను. మా నాన్న బండి చక్రానికి ఆనుకుని నిలబడి ఉన్నాడండీ’’ అన్నాడు.

తరవాత మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ‘‘ఎవరండీ ఆయన? ఎక్కడుంటాడు? ఒక్కసారి చూపించండి. దూరం నుంచి చూసి వచ్చేస్తాను.’’

పోలీసులు ఎన్ని రకాలుగా అడుగుతారో ఆ ఏడాదిలో చాలా విన్నాను. ఇలా అడుగుతారని ఎవరూ చెప్పలేదు. నిజంగా తండ్రి కోసమే అడుగుతున్నాడా, ఇది ఎత్తా? ఎత్తయితే ఇంతకంటే మంచి ఎత్తు ఉండదు. నేను అతని ముఖంలోకి చూశాను. ఏమీ తెలియలేదు.

‘‘ఎవరూ కాదండి’’ అన్నారు మా ఆయన. ‘‘ఊహించి వేశాను.’’

ముప్పయ్యేళ్లలో ఆ మాట ఆయన నోట నేను వినలేదు.

‘‘కింద ఏదో ఊరి పేరు రాసినట్టు గుర్తు?’’

‘‘మా పుట్టింటి ఊరండీ’’ అన్నాను నేను ముందుకొచ్చి. ‘‘నా మీద ప్రేమ కారిపోయి రాశారు. బజారులో పెట్టే బొమ్మ మీద నా ఊరెందుకని నేనే చెరిపించాను.’’ ఆ అధికారి నన్ను ఒక క్షణం చూశాడు. నవ్వాడు.

‘‘అయితే మళ్లీ ఊహించండి రాజుగారూ. నేనిక్కడే కూర్చుంటాను.’’

తప్పించుకునే దారి లేదు. సేటు ఒక అట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆయన కుంచె పట్టుకున్నారు. చలపతిరావు ముందుకు వంగి చెప్పడం మొదలుపెట్టాడు. నుదురు ఎత్తు. చెంపలు లోపలికి. నవ్వితే కింది పెదవి ఒకవైపుకు పోయేది. నీళ్లు తాగేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. చెబుతూ చెబుతూ అతని గొంతు చిన్నదైపోయింది, పోలీసు గొంతు ఎక్కడా మిగల్లేదు. మా ఆయన చేత పటాలు వేయించుకోవడానికి వచ్చిన కొడుకులను ఎంతమందిని చూశాను నేను! ఇది ఎత్తు కాదు. కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి చెబుతున్నాడు.

ఎత్తు కాదని తెలిసినా భయం తగ్గలేదు. అట్ట మీద ఆ పోలిక కాస్త వచ్చినా చాలు, రేపు స్టేషన్లో ఎవరో ఒకరు ఇతని బల్ల మీద దాన్ని చూసి, సార్, వీడు యాదన్న అంటారు.

కుంచె ఒక్కసారి ఆగింది. ఆయన తలెత్తి ఆ కొడుకును చూశారు. మళ్లీ తల వంచి, ముక్కు లావుగా వేశారు. గడ్డం గుండ్రంగా చేశారు. కళ్లు దూరం దూరంగా, చిన్నపిల్లలు పలక మీద గీసినట్టు పెట్టారు. ‘‘కాదండీ, కాస్త సన్నగా’’ అంటున్నాడతను. చెరిపి మళ్లీ అంత కంటే చెడ్డగా వేశారు. చచ్చినవాళ్లను లేపి కూర్చోబెట్టిన చెయ్యి అది. అది అలా తప్పులు వేస్తుంటే చూడలేక సేటు అటు తిరిగి దేవుళ్ల పటాలు తుడవసాగాడు.

చివరికి చలపతిరావు లేచాడు.

‘‘ఏమీ అనుకోకండి రాజుగారూ. మీకు ముఖాలు అబ్బలేదు. మొన్నటిది ఎలాగో కుదిరింది.’’

‘‘అవునండి’’ అన్నారు మా ఆయన. ‘‘ఎలాగో కుదిరింది.’’

బొమ్మ వద్దన్నాడు. బయానా ఉంచుకోమన్నాడు. గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి, మిరపకాయలను కాదు, బండి చక్రం వైపు చూసి జీపెక్కి వెళ్లిపోయాడు. సేటు దాన్ని మళ్లీ గోడకు పెడతానంటే ఆయన వద్దన్నారు. 'అమ్మబడును' అట్ట విప్పి, బొమ్మను గోడవైపు తిప్పి వెనక గదిలో పెట్టారు. ఆయన వేసుకున్న సొంత బొమ్మ అదొక్కటే.

తిరుగు బస్సులో కిక్కిరిసి జనం. ఆయన కిటికీ పక్కన కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నారు. రుద్రారం దాటాక ఉన్నట్టుండి నావైపు తిరిగారు. ఆ ముఖంలో ఏడుపుందో సంతోషముందో నాకు తెలియలేదు.

‘‘వాళ్ల నాన్న నాకు కనిపించాడు నాగేశ్వరీ. యాదన్న కాదు, వేరే. పెదవి దగ్గర తేడా ఉంది. అతను చెబుతుంటే, ఎప్పుడూ చూడని మనిషి ముఖం మొత్తం కళ్లముందుకు వచ్చేసింది. నా జన్మలో మొదటిసారి. యాదన్నకు అంత దగ్గరగా లేకపోతే వేసి ఇచ్చేసేవాణ్ణి’’ అన్నారు.

మెల్లగా అనండి, ముందు సీట్లో ఎవరో వింటున్నారు, అన్నాను.